ముప్పై ఆరు గంటలు

సింగపూర్ ఎంత దూరమక్కా అని
కొత్తగా చేరిన ఎళిలన్ అడిగాడు.
ఫోనులో చూసి జవాబూ వాడే చెప్పాడు:
రెండువేల తొమ్మిది వందల కిలోమీటర్లు,
నాలుగుంపావు గంటలు.

పల్లావరంలో మా పీతల షెడ్డు లెక్క వేరు.
పులికాట్ బురదలోంచి తీసిన పీత
తడిగోనె కింద ముప్పై ఆరు గంటలు బతుకుతుంది.
అందులో పడవకి రెండు, బేరానికి ఒకటి,
మాధవరం ట్రాఫిక్కుకి మూడున్నర.
ఈ అరవై కిలోమీటర్లకీ
సముద్రం దాటినంతసేపు.
కట్టడానికి, తూకానికి,
స్టాంపు వేసే సారు టీ తాగి రావడానికి
పోగా మిగిలింది ఆకాశానికి.

నానబెట్టిన జనపతాడు,
డెక్కలు మడిచి ఒక్క ముడి.
తిలకమ్మ నిమిషానికి నాలుగు కడుతుంది.
నేను మూడు.
నా ఎడమ బొటనవేలికి గోరు లేదు, అది వేరే కథ.

షెడ్డు మీదుగా విమానం ఎంత కిందుగా పోతుందంటే
చక్రాలు లోపలికి ముడుచుకోవడం కనిపిస్తుంది.
"దాని కాళ్ళూ ఎవరో కట్టేస్తున్నారు చూడు"
అంటుంది తిలకమ్మ, రోజూ, కొత్తగా.

మొన్న వానరాత్రి
పదకొండింటి విమానం కదల్లేదు.
రెండు గంటలు. నాలుగు. ఏడు.
పన్నెండు పెట్టెలూ వెనక్కొచ్చాయి.
ఎక్కడికీ వెళ్ళకుండానే
దాదాపు సింగపూర్ వెళ్ళొచ్చినంత ప్రయాణం.

సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి
అనేది మా అమ్మ.
సీత కూడా సముద్రం మీదుగానే వెళ్ళింది, గాల్లోనే.
నూరు యోజనాలని చెప్పింది గానీ
ఎంతసేపు పట్టిందో చెప్పలేదు అమ్మ.
పైనించి నగలు మూటగట్టి వదిలిందట,
వెతుక్కుంటూ ఎవరైనా వస్తారని.

ఆరో పెట్టెలో ఒక పీత
కాలొకటి విడిచేసి ఉంది.
విరగలేదు, తెగలేదు. తనే వదిలింది.
కొంగున కట్టబోయి
మానేశాను.

నీళ్ళు చిలకరించాం.
కళ్ళు నిక్కించినవి ఈ పక్క, నిక్కించనివి ఆ పక్క.
నూట నలభైలో ముప్పై ఒకటి.
పుస్తకంలో కారణం అన్న గడిలో
ఎళిలన్ 'వాన' అని రాశాడు.

కాలు వదిలింది బతికే ఉంది. రేటు సగం.
పొద్దుటి విమానానికి మళ్ళీ కడుతున్నాం,
ఇంకా పద్నాలుగు గంటలున్నాయి.

"అక్కా, అక్కడ గడియారం
మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుందట.
ఆ రెండున్నరా
వీటి లెక్కలోంచి తీసెయ్యాలా?"

నాకేం తోచలేదు.
దిగేసరికి అవి అంత ముసలివవుతాయా,
ఆ కాలం దారిలో ఎక్కడ జారిపోతుంది,
కిందపడితే ఎవరికైనా దొరుకుతుందా.

తిలకమ్మ తలెత్తలేదు.
"తాడు అందుకో" అంది.