ఏడు బారల కింద

నీళ్ళలోకి తాడు వదులుతాను, రోజూ.
ఉద్యోగం అంతే.
తాడు చివర ఇత్తడి గొట్టం, చేతిలో రూళ్ళ పుస్తకం,
ఏ నెలలో వస్తుందో చెప్పలేని జీతం.

భైరవపాలెం దాటాక కూడా
గౌతమి కాసేపు నదిలానే ఉంటుంది.
ఉప్పునీటి మీద మీగడ కట్టి
కలవమంటే కలవదు.

ఇవాళ మార్గశిర తదియ.
పైన ఇరవై ఆరు.
ఏడు బారల కింద ఇరవై ఎనిమిది.
రాసింది కొట్టేశాను. మళ్ళీ వదిలాను.
మళ్ళీ ఇరవై ఎనిమిదే.

"గొట్టం పాడైంది" అన్నాను.
పెసింగి ధర్మరాజు, అప్పుడే లాగిన వల
అడుగు సీసపు గుళ్ళని గుప్పిట్లో పట్టి చూశాడు.
"ఆయ్, గొట్టానికేం రోగం లేదండి.
గోదారి దుప్పటి కప్పేసింది గదా,
లోపల దానికి చెమటోస్తంది."

కొబ్బరి చిప్పొకటి నీళ్ళలోకి విసిరి
పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు.
పన్నెండు అనేలోపే
చిప్ప బందరు దారి పట్టింది.
మాఘం వెళ్ళాక నీటివాలు తిరగబడుతుందట,
ఉప్పాడ మీదుగా, విశాఖ వైపు.
నాలిక మీద చుక్క వేసుకుంటే చాలు
తెలిసిపోతుందంటాడు, మలుపు.

ఇంకో సముద్రంలో అయితే
తుఫాను తన కడుపు తానే కొట్టుకుంటుంది.
నీటిని చిలికి చిలికి
అడుగున ఉన్న చలిని పైకి తెచ్చుకుని
ఆ చలికే నీరసిస్తుంది.
ఇక్కడ ఎంత చిలికినా
ముందు పైకొచ్చేది వేడే.
ఎసరు కుండ మూత తీసినట్టు.

ఆ మూత మనదే.
ధవళేశ్వరంలో తలుపులెత్తి
పొమ్మని వదిలేసిన నీరే.

రేవు చేరేసరికి పలివెల నుంచి ఫోను, మా పెద్దమ్మ.
"కోత అయింది. పనలు చేలోనే ఉన్నాయి.
రోజూ సముద్రం మీదే తిరుగుతావుగా,
ఏమంటోందిరా?"

ఏం చెప్పను?
మబ్బు లేదు. గాలి లేదు.
ఏ తుఫానుకీ ఇంకా పేరు పెట్టలేదు.
ఏడు బారల కింద రెండు డిగ్రీలు ఎక్కువ.
అది ఒట్టి వెచ్చదనం, పెద్దమ్మా,
ఎవరైనా వచ్చి కదిపితే తప్ప
వాన కాదు.

ఇదంతా అనలేదు.
"కుప్ప వేసెయ్యి" అన్నాను.

"పన ఇంకా పచ్చిగా ఉందిరా.
ఇప్పుడే కుప్పేస్తే
లోపల వేడెక్కిపోదూ?"

తడి తాడు చుట్టుకుంటూ
చాలాసేపు ఫోను చెవి దగ్గరే పెట్టుకున్నాను.