ఇదొక్కటి

అమీర్‌పేటలో దిగాలి.
దిగాలని నాకు తెలుసు, నా కాళ్లకు తెలుసు,
రైల్లో గొంతు మూడు భాషల్లోనూ చెప్పింది.
బొటనవేలికి మాత్రం తెలీదు.

ఎవడో పుచ్చకాయకి రబ్బరు బ్యాండ్లు బిగిస్తున్నాడు.
ఇదొక్కటి చూసి ఆపేద్దామనుకున్నా,
రోజుకి వందసార్లు పెట్టుకునే ఒట్టు అది.
పగలకముందే వేలు తోసేసింది.
పిల్లి, పిల్లి వెనక పెళ్లికూతురు,
పెళ్లికూతురి వెనక మోకాళ్ల నొప్పికి మెంతులు,
మెంతుల వెనక
ఎవరో ఎవరినో ఎందుకో కొడుతూ.

ఎర్రగడ్డ దాటింది.
మన ఊళ్లో అది స్టేషన్ పేరే కాదు, తిట్టు కూడా.

మియాపూర్‌లో బండి ఖాళీ.
చీపురు పట్టుకున్నావిడ భుజం తట్టి
"దిగమ్మా, ఇంక పోదు" అంది.
ఎంత మంచి మాట!
నా చేతిలో ఉన్నదానికి
ఆ మాట చెప్పే మనిషిని పెట్టలేదెవరూ.

ఇంటర్వ్యూకి నలభై నిమిషాలు లేటు.
ట్రాఫిక్ అన్నాను.
మెట్రోలో వస్తున్నానని పొద్దున నేనే మెసేజ్ పెట్టాను,
వాళ్లకి గుర్తుంది.

ఇంటర్‌లో నావి తొమ్మిది వందల ఎనభై ఒకటి.
కెమిస్ట్రీ పుస్తకం మీద చెంప ఆనించి నిద్రపోయిన పిల్లని.
ఇప్పుడు మాత్రల అట్ట వెనక
నాలుగో వరుస దాటలేను.

రాత్రి వాన. దిల్‌సుఖ్‌నగర్ అంతా కరెంటు పోయింది.
రెండు శాతం దగ్గర ఊగి ఊగి
ఫోను చచ్చిపోయింది.
హాస్టల్ మూడో అంతస్తు, నీళ్ల ట్యాంకు కింద గది.
మెహజబీన్ చీకట్లోనే బట్టలు మడతపెడుతోంది.
మడతకి చప్పుడుంటుందని అప్పుడే తెలిసింది.

"ఎక్కడికే?"
కాసేపు ఏమీ అనలేదు.
"గది ఖాళీ చేస్తున్నా.
నీకు చెప్పడం ఇది మూడోసారి.
మొదటిసారి 'ఊఁ' అన్నావు.
రెండోసారి 'సూపర్' అన్నావు."

ఎప్పుడు చెప్పావని అడగలేదు.
ఆ రోజు నేనేం చూశానో చెప్పమంటే
ఒక్కటీ చెప్పలేను.
పుచ్చకాయ పగిలిందో లేదో కూడా.

ఎందుకని అడిగాను.
చెప్పింది. ఇక్కడ రాయను, అది తనది.
పావుగంట పట్టింది.
మధ్యలో రెండుసార్లు ఆగింది.
ఆ ఆగినచోట దేన్నీ తోసెయ్యకుండా ఉండడం
కిక్కిరిసిన సిటీ బస్సు ఫుట్‌బోర్డు మీద
ఒంటికాలిమీద నిలబడ్డంత పనయింది.
ఏడ్చిందో లేదో తెలీదు.
ముక్కు ఎగబీల్చడం ఒకసారి విన్నాను,
అంతవరకు నాది సాక్ష్యం.

అంతా అయ్యాక చూసుకుంటే
నా బొటనవేలు
దుప్పటి మీద, గుడ్డపూల మీదుగా,
పైకి,
పైకి,
పైకి.

రెండో చేత్తో దాన్ని పట్టుకుని కూర్చున్నా,
జ్వరమొచ్చిన పిల్లని పట్టుకున్నట్టు.

రెండింటికి కరెంటొచ్చింది.
గోడకి చార్జరు కళ్లు తెరిచింది.
"పో, చూసుకో" అంది మెహజబీన్,
కోపం కూడా లేకుండా.

"ఇదొక్కటి మడతపెట్టి" అన్నాను,
తన పచ్చ దుపట్టా కొస వెతుకుతూ.
ఒక కొస దొరికింది.
రెండోది
ఇంకా వెతుకుతున్నా.