డప్పు మీద దుప్పటి

మా వాడ మూల మలిగేటప్పుడు
మీ పాట ఆగింది.
పాట ఆగిన చప్పుడు నాకు ఇనబడ్డది.

సడువలి డప్పు మీద దుప్పటి కప్పిండు,
కెజియా చుక్కను కిందికి దించింది,
ఫిలేమోను అయ్యగారు
చెప్పుల సప్పుడు గూడ కాకుంట
ఏటి ఇసుక మీద నడిచినట్టు నడిచిండు.
చావు జరిగిన ఇల్లు గదా,
యాడాది తిరగలే గదా,
ఎట్ల పాడుదుమని మీ మర్యాద.

మీరు మంచోళ్లు.
కానీ పొయ్యి మీద నేను పదహారు కప్పుల చాయ్ పెట్టిన.
అల్లం దంచిన.
పత్తి ఏరిన పైసలతోటి సిరొంచ బజార్ల బన్నులు కొని
ఈగలు వాలకుంట
ఆయన తువ్వాల కప్పి ఉంచిన.

ఆయన ఉంటే ఏం జేసెటోడో మీకెరికే.
ప్రాణహిత మీద బ్రిడ్జి పడ్డంక
పడవను ఒడ్డున బోర్లేసి
నలభై ఏండ్లు తెడ్డేసిన చేతులను ఏం జెయ్యాల్నో తెల్వక
చుక్కలు కట్టుడు నేర్చుకున్నడు మా బర్నబా.
వెదురు బద్దలు, రంగు కాయితం, మైదా గంజి.
లోపల బల్బు పక్కన
దీపం బుడ్డికి గూడ జాగ పెట్టెటోడు.
కరెంటాఫీసోళ్ల మీద ఆనుకునే చుక్క
ఏం చుక్కనే, అనెటోడు.

వానకాలం మూడు దినాల జరం.
అహేరి దవఖాన, ఆడికెళ్లి గడ్చిరోలి.
తొవ్వ పొడుగు, ఊపిరి పొట్టిది.
అప్పటి సంది ఇంట్ల ఎవరు నవ్వినా
తప్పు జేసినట్టే ఉండేది.
మనుమడు మరాఠీ బడిల నేర్చుకొని
"అవ్వా, నాతాళ్ అచ్చింది" అంటె
రాలేదు పో అన్న.

నాకు సదువు రాదు.
ఆయన బైబిల్ల పెన్సిల్ గీత గీసిన చోట
ఒకనాడు ఏలు పెట్టి చూసిన.
గట్టిగ గీసిండు, కాయితం గుంత పడ్డది,
ఏలికి తాకింది.
ఏముందిరా ఇక్కడ అని మనుమణ్ని అడిగితె
వానికి తెలుగు అక్షరాలు రావు.
ఇద్దరం ఆ గుంతల ఏళ్లు పెట్టుకొని
శానాసేపు కూసున్నం.
ఎవ్వరూ ఎత్తుకపోలేనిది ఒకటున్నదని
ఆయన ఎప్పుడో సదివి చెప్పిన యాది.

నిజం చెప్తున్న.
సంతోషం అచ్చినప్పుడు
దుఃఖం లేచి జాగ ఇయ్యలే.
జరంత జరిగి పక్కనే కూసున్నది.
సంగమం కాడ చూడలేదా మీరు?
ప్రాణహితది ఒక రంగు, గోదారిది ఒక రంగు,
కలిసినంక గూడ శానా దూరం
నడుమ దారం పట్టినట్టు పోతయి.
ఆయన ఆ దారం మీద పడవ ఆపి
పిల్లలను ఒక చెయ్యి ఇటు ముంచు, ఒక చెయ్యి అటు ముంచు అనెటోడు.
ఒకటి సల్లగ, ఇంకోటి ఇంకింత సల్లగ.

అందుకే ఉరికిన.
కాళ్లకు చెప్పుల్లేవు, కొంగు సక్కగ లేదు.
"ఎటు పోతున్రు దొంగలోలె?"
అయ్యగారు తల దించిండు.
"దోర్కమ్మా, నీ బాధ..." అన్నడు.
నా బాధకు చాయ్ పోసిన, తాగింది.
ఇగ మీరు తాగున్రి అన్న.

సడువలి దుప్పటి తీసిండు.
సలికి తోలు మెత్తబడ్డది, డప్పు మోగలే.
మా పొయ్యి కాడ కూసోని
బిగిసేదాక కాపిండు.

అంతల కరెంటు పోయింది.
కెజియా చేతిల చుక్క,
ఆయన ఆఖరుసారి కట్టింది,
నిరుడుది, ఒక కొన చిరిగింది,
నల్లగయింది.
బుడ్డికి జాగ ఉన్నదని ఎవ్వరికి యాదికి లేదు.
నాకున్నది.

అగ్గిపుల్ల గీసిన.
ఇగ ఎత్తుకోన్రి పాట.
నా గొంతు ఆగి ఆగి అస్తది,
రానియ్యున్రి.