తలగుడ్డ

బ్రాడీపేట నాలుగో లైన్లో
జిరాక్సు షాపు పైన రెండు గదులు.
ఆడవాళ్ళ బతుకుల మ్యూజియం అని బోర్డు.
చీటీలు రాసేది నేను.

రోకలి పొన్ను. చొట్టపడ్డ గంగాళం.
చొట్ట ఎలా పడిందో ఇచ్చినావిడ చెప్పలేదు,
నేను రెండోసారి అడగలేదు.
ఓటరు చీటీ, పేరుండాల్సిన చోట
'పిచ్చయ్య భార్య'.
పదకొండో నెంబరు: తలగుడ్డ, నూలు,
మిర్చి యార్డు, దాత కొండ్రు సువార్తమ్మ.

ఇచ్చిన ఏడాదికి, ఒక బుధవారం
పని దిగి నేరుగా వచ్చింది చూడ్డానికి.
మెట్ల దగ్గరే చెప్పులు విడిచింది,
వద్దన్నా వినలేదు.
అద్దాల పెట్టె ముందు చాలాసేపు నిలబడి
"బయటికి తీస్తావా అమ్మా" అంది.

తాళం తీశాను.
ముక్కుకి ఆనించుకుంది. మళ్ళీ ఆనించుకుంది.
"ఇది నాది కాదు."

మీదేనండీ, ఇదుగో రిజిస్టరు, మీ వేలిముద్ర.

"ఉతికారా?"

ఉతికాం. సబ్బు కాదు, కుంకుడు రసం.
నీడన ఆరేశాం, బూజు పట్టకుండా
అంతా పద్ధతి ప్రకారమే.

కోప్పడలేదు.
తొడిమలు తీసిన ముప్ఫై రెండు వేసవుల గురించి
నేను రాసుకునేలా ఏమీ చెప్పలేదు.
చెయ్యి చాపింది.
"పిల్లది రాత్రుళ్ళు ఏడిస్తే
ఇదుగో, ఇక్కడ్తో తుడిచేదాన్ని కళ్ళు"
మోచేతి మీద ఒక చోటు తట్టింది.
"వేళ్ళతో తుడిస్తే ఇంకా ఏడ్చేది."

క్యారేజీ సంచి అడుగున
ముడేసిన ప్లాస్టిక్ కవరు, అందులో ఇంకో గుడ్డ.
దులపలేదు, మడత విప్పి
నా చేతిలో పెట్టిందంతే.

ముందు నేను తుమ్మాను.
తర్వాత గంగాళం దగ్గరున్న కాలేజీ పిల్లలు.
కిందనించి జిరాక్సు కుర్రాడు
"ఎవరండీ పైన, పోపేశారా?" అని కేక.
సువార్తమ్మ కొంగు అడ్డం పెట్టుకుని
ఒకటే నవ్వు.

ఇది ఇచ్చి వెళ్ళండి అన్నాను
కళ్ళు తుడుచుకుంటూ,
గుడ్డ పట్టుకున్న వేళ్ళతోనే.
"రేపు పనుంది గదమ్మా" అంది,
మడిచి, కవరు ముడేసుకుని
మెట్లు దిగిపోయింది.

సాయంత్రం పాత చీటీ చించి
కొత్తది రాశాను:
తలగుడ్డ. నూలు. ఉతికినది.

ఇంకేం రాయాలో తెలీక
ట్యూబులైటు కింద అలాగే కూర్చున్నాను
మోచెయ్యి కంటికి ఆనించుకుని.