అంగుళం గడి

కంచరపాలెంలో, టైర్ల షాపు మీద, రెండో అంతస్తు.
బుధవారం సాయంత్రం ఆరు దాటితే
ఏ షిఫ్టు దిగినవాళ్లు ఆ షిఫ్టు వాసనతో వస్తారు.
రొయ్యల ఫ్యాక్టరీ ఆమె చేతులు వెనక్కి దాచుకుంటుంది.
కేబుల్ లైన్‌మన్ హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని
రక్తపరీక్ష కాగితం కోసం కూర్చున్నట్టు కూర్చుంటాడు.
నా బల్ల మీద ఫారాల కట్ట, మూత పోయిన పెన్ను,
'వృత్తి సలహా కేంద్రం' అని రాసిన అట్ట.
వట్రసుడి ఎవరో గోకేశారు.
ఇప్పుడది వత్తి సలహా కేంద్రం.
సరే, చమురున్నంతసేపు.

గనగళ్ల ఎల్లాజీ, నలభై ఏడు.
హార్బర్లో క్రేను. ఇరవై రెండేళ్లు.
కొత్తగా వచ్చిన క్రేనుకి పైన గది లేదు.
ఎక్కడో ఏసీలో కూర్చున్న కుర్రాడు
వీడియో గేము ఆడినట్టు తిప్పుతాడట.
ఈయన్ని గేటు దగ్గర రిజిస్టరు రాయమన్నారు.

ఫారంలో తొమ్మిదో గడి: మీకున్న నైపుణ్యాలు.
అంగుళం పొడవు.
అందులో ఆయన ఒక అడ్డగీత గీశాడు.
"నాకేటీ రాదు మేడం. క్రేనొకటే వచ్చు.
అదిప్పుడు నేను లేకుండానే నడుస్తంది."

నేను అడగాల్సిన ప్రశ్నలు ఇరవై నాలుగు,
ఎవరో ఎక్కడో తయారు చేసినవి.
ఆరుబయట పనిచేయడం మీకు ఇష్టమా?
ఆయన నవ్వాడు.
"ఎనభై అడుగుల మీద లోపలేటి, బయటేటండి?"

ఆ కాగితం పక్కన పెట్టేశాను.
క్రేనెక్కాక పొద్దున్నే మొదట ఏం చూస్తారు అన్నాను.
చూడనండి, వింటాను, అన్నాడు.

వైరు రోపులో ఒక పోగు తెగితే
సన్నగా, కందిరీగ దూరినట్టు వినిపిస్తుందట.
డాల్ఫిన్ నోస్ వైపు గాలి తిరిగేముందు
మొదట గద్దలు దిగుతాయట, తర్వాతే జెండా కదులుతుందట.
ఇరవై టన్నుల ఉక్కు చుట్టని
ఓడ కడుపులోకి దించితే
అడుగున కునుకు తీస్తున్న కూలీకి మెలకువ రాకూడదట.
పదకొండుమంది కుర్రాళ్లకి పని నేర్పాడు.
పదకొండుమందికీ పదేసి వేళ్లూ ఉన్నాయి.
అది చెప్పేటప్పుడు మాత్రం
తన వేళ్లు చూసుకున్నాడు. తొమ్మిది.

నేను రాస్తూ పోయాను.
గడి దాటి, మార్జిన్ దాటి, ఫారం వెనక్కి తిప్పి,
'కార్యాలయ ఉపయోగం కొరకు మాత్రమే' అన్నచోట కూడా.

పెదగంట్యాడలో భద్రతా శిక్షకుడి ఉద్యోగం ఒకటుంది.
జీతం ఆరువేలు తక్కువ. మూడు నెలల కోర్సు.
చివర పరీక్ష, ఇంగ్లీషులో.
ఇవన్నీ ఒకే ఊపిరిలో చెప్పడం
ఈ కుర్చీలో నేను నేర్చుకున్న విద్య.
ఎల్లాజీ గోడ మీది క్యాలెండర్ చూస్తూ ఉండిపోయాడు.
ఇలాంటప్పుడు నేను ఏదో ఒకటి మాట్లాడి నింపేస్తాను.
నోరు తెరవబోతే చెయ్యెత్తాడు,
కింద ఉన్నవాళ్లకి సైగ చేసే అలవాటు కాబోలు.
"ఆగండి మేడం.
బరువు గాల్లో ఉన్నప్పుడు
ఎవులూ ముట్టుకోకూడదు.
ఊగడం అదే మానుతాది."

ఆగాను.
కింద టైరులోంచి గాలి తీస్తున్న చప్పుడు.
రొయ్యల ఫ్యాక్టరీ ఆమె గడియారం చూసుకుని
మళ్లీ సర్దుకుని కూర్చుంది.
మార్చితో నా కాంట్రాక్టు అయిపోతుంది.
అంతకుముందు పద్నాలుగేళ్లు
షిప్పింగ్ ఆఫీసులో బిల్లులు టైపు చేశాను.
తొమ్మిదో గడి నా ముందుకి తోస్తే ఏం రాస్తానో
ఇంతవరకూ ఆలోచించలేదు.

"ఇంట్లో అడిగి చెప్తాను" అని లేచాడు.
ఆ మాటకి అర్థాలు నాకు నాలుగు తెలుసు.
అందులో ఇది ఏదో పోల్చుకోలేకపోయాను.
మెట్ల మీద చెప్పుల చప్పుడు,
ఒక్కో మెట్టూ పరీక్షించి దిగుతున్నట్టు.

అప్పుడు గుర్తొచ్చింది,
రెండు ఫొటోలు, ఆధార్ జెరాక్స్ తెమ్మని చెప్పలేదు.
కిటికీ తెరిచి కేకేశాను.
లారీ హారన్లో కలిసిపోయింది.
అప్పటికే ఆయన రోడ్డు దాటి,
గాజువాక బస్సుకి ఎటువైపు నిలబడాలో
ఎవరో ముసలమ్మకి
చెయ్యి చాపి చూపిస్తున్నాడు.