ఉమ్మడి గోడ

బరంపురంలో ఆ వీధి ఇళ్లు
తొమ్మిదడుగుల వెడల్పు, తొంభై అడుగుల పొడవు.
వీధి గుమ్మంలో నిలబడి చూస్తే
ఐదు గడపల అవతల
పెరటి వెలుగు అగ్గిపెట్టెంత కనిపిస్తుంది.
పదకొండు ఇళ్లు, పన్నెండు గోడలు.
చివరి రెండూ తప్ప
ఏ గోడా ఒక్కరిది కాదు.

అవన్నీ కలిపి నాలుగంతస్తులు గీయమన్నారు.
గీశాను.
లిఫ్టు, మెట్లు, నీళ్ల ట్యాంకు,
ప్రతి ఫ్లాటుకీ తూర్పున ఒక కిటికీ.
ఆ కిటికీల కోసం మూడు రాత్రులు కూర్చున్నాను.
గోడలంటే మరీ గర్వం నాకు:
రెండు వరసల ఇటుక, మధ్యన రెండంగుళాల గాలి.
పక్కింట్లో మగ్గం ఆడినా
మీ పసివాడు ఉలిక్కిపడడని చెప్పాను.

దండాసి గారి నట్టింట్లో, మగ్గం గుంట పక్కన
ప్లాను పరిచాం. నాలుగు మూలలా
నూలు కండెలు బరువు పెట్టారు.
ఉర్మిళా పాత్రో కళ్లజోడు తుడుచుకుని
ఒడియాలో లెక్కపెట్టుకుంటూ తన గది వెతుక్కుంది.
కూర్మమ్మ చదవలేదు. జానతో కొలిచింది.
ఒకచోట చెయ్యి ఆపి
"ఇదేటమ్మా, రెండు గీతలు?" అంది.
రెండు గోడలమ్మా, మధ్యలో ఖాళీ.
"ఖాళీ ఎవులిది?"

చదరపు అడుగుల పట్టికంతా వెతికాను.
అది ఎవరి వాటాకీ రాలేదు.

"తుఫాను రాత్రి పైకప్పు ఎగిరిపోనాది.
దీపం నేదు. తలుపు తీస్తే గాలి తోసీసినాది.
ఈ గోడ మీద మూడుసార్లు కొట్టినాను.
ఆ పక్కనుంచి రెండుసార్లు కొట్టినారు.
ఆ రెండు దెబ్బలు పట్టుకునే తెల్లార్చినాను.
నీ గోడ కొడితే
ఎవులికి వినబడతాది?"

ఉర్మిళ ఏమీ అనకుండా లేచి
తన వంటింటికి తీసుకెళ్లింది.
దీపం గూడే అనుకున్నాను.
వెనక చెక్క పక్కకి జరిపితే
అవతల కూర్మమ్మ పోపులపెట్టె.
అరువు పంచదార, అర్ధరాత్రి జ్వరం మాత్ర,
పురిటినాడు కాయం ఉండ
ఇందులోంచే వెళ్లాయట.
ఇద్దరికీ మాటల్లేని ఏడాది కూడా
పకాళ గిన్నె మాత్రం వెళ్లిందట,
చప్పుడు చేయకుండా.

ఆఫీసుకొచ్చి ఒక గీత చెరిపేశాను.
మిగిలిన గోడలో తొమ్మిదంగుళాల చదరం తెరిచాను.
ఇంజనీరు సాహు పెన్సిలుతో చుట్టేశాడు:
కిటికీయా? తలుపా?
లోపమా?
పర్మిషను ఆఫీసు రెండుసార్లు తిప్పి పంపింది.
మూడోసారి గుర్తుల పట్టికలో
చిన్న డబ్బా గీసి, ఎదురుగా
'గూడు' అని రాశాను.
పాసైంది. ఎవరైనా చూశారో లేదో తెలీదు.

ఇళ్లు కట్టి రెండేళ్లు.
ఎనిమిది గూళ్లలో రెండు సిమెంటుతో పూడ్చేశారు.
ఒకదాంట్లో వైఫై డబ్బా మినుకుమంటోంది.
ఒకదానికి రెండువైపులా తాళాలే,
అన్నదమ్ములు కోర్టుకెళ్లారు.
పడుగు సాచడానికి వరండా చాలలేదని
దండాసి గారు ఇప్పటికీ తిడతారు,
అది నా తప్పే.
నా గీత ఎవరినీ కలపలేదు.
కలిసి ఉన్నవాళ్లకి
అడ్డు తగల్లేదు, అంతే.

నిన్న ఆఖరి కొలతలకు వెళ్లాను.
మూడో అంతస్తు. కూర్మమ్మ పడుకుని ఉంది.
గూట్లో స్టీలు గిన్నె, మీద మూత,
మూత మీద ఎండుమిరపకాయ.
ఎవరు పెట్టారో, ఎవరికోసమో,
ఖాళీ చేసి తిరిగిచ్చిందో
ఇంకా తీసుకోవాల్సిందో అడగలేదు.

గిన్నె కదపకుండా
చుట్టూ టేపు పట్టాను.
తొమ్మిది బై తొమ్మిది.
మేస్త్రీ చెయ్యి కాస్త వంకర,
ఒక పక్క తొమ్మిదింపావు.