బంతి లేనిచోటు

రాత్రి పదకొండున్నరకి
అమలాపురం ఎడిషన్‌లో నా పేజీకి
అమెరికా నించి ఫుట్‌బాల్ వచ్చింది.
ఏజెన్సీ కాపీ. నూట ఎనభై మాటలు.
కొబ్బరి ధర పక్కన నాలుగంగుళాలు ఖాళీ.
పన్నెండుకల్లా తెలుగు చేసి పంపెయ్యాలి.

చదివాను.
బంతి ఎవరి దగ్గర ఎంత శాతం ఉందో రాశాడు,
కొట్టినవి పద్నాలుగు, గురి చూసినవి ఐదు,
కోచ్ జీతం, స్టేడియం మీది అప్పు,
బేస్‌బాల్ నించి అరువు తెచ్చిన పోలిక ఒకటి,
మన ఆట కాకపోయినా పర్లేదన్నట్టు
చివర్లో ఒక దెప్పు.
గోలు ఎలా పడిందో మాత్రం లేదు.
ఎనభై మూడో నిమిషం, అంతే.
ఎవరిదో తల, ఎవరిదో పేరు.

నవ్వొచ్చింది,
సగంలోనే గొంతుకి అడ్డం పడింది.
గత వారం యానాంలో ఫైనల్ జరిగితే
నేనేం రాశాను?
"హోరాహోరీ పోరులో ఘన విజయం."
వెళ్ళలేదు. ఫోన్లో స్కోరు అడిగాను.
కప్పు ఎవరెవరి చేతుల మీదుగా ఇచ్చారో
పదకొండు పేర్లు, ఇంటిపేర్లతో, ఒక్క అచ్చుతప్పు లేకుండా వేశాను.
ఆడినవాళ్ళ పేర్లకి చోటు చాల్లేదు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసు మెట్ల మీద
పెమ్మాడి నూకరాజు.
లొల్ల లాకుల దగ్గర లస్కరు చేసి దిగిపోయిన మనిషి.
ఒకప్పటి లెఫ్ట్ బ్యాక్,
ఇప్పటికీ ముందు ఎడమ మోకాలు కూచుంటుంది,
తర్వాత ఆయన కూచుంటాడు.
చేతిలో మా పేపరు, నాలుగు మడతల్లో.

తిడతాడనుకున్నాను.
"మీరు రాలేదు కదండీ" అన్నాడు మెల్లిగా.
"వచ్చుంటే ఘన విజయం అనరు.
గౌతమి మీంచి అడ్డంగా వాన.
బంతి నీళ్ళ బిందెలా బరువు.
ఆ గోలు కొట్టిన కుర్రోడు, పాపం, కళ్ళు మూసేసుకున్నాడు.
కొట్టింది ఆడు కాదండి."

మరెవరు?

"ఓలేటోళ్ళ సూరిబాబు. బంతి ముట్టుకోలేదు.
కుడి పక్కకి ఊరికే పరిగెట్టాడు,
ఇద్దర్ని కూడా లాక్కుపోయాడు,
మజ్జిలో గుమ్మం తెరుచుకుంది.
ఇటు అందరూ కేకలేస్తుంటే
ఆడు అటు కార్నర్ జెండా కాడ కూలబడి
బూట్లోంచి నీళ్ళు వంపుకుంటన్నాడు."

కాసేపాగి,
గాల్లో లాకు చక్రం తిప్పినట్టు
రెండు చేతులూ తిప్పి చూపించాడు.
"శివారు చేలో నీళ్ళు పడితే
ఫోటో శివారు చేనుకే తీత్తారు.
తీయండి, కాదన్ను.
కానీ రాత్రి రెండింటికి తలుపెత్తినోడు
ఎగువని ఒకడుంటాడండి.
బంతున్న చోటు ఊరంతా చూత్తాది.
మీకు జీతమిచ్చేది లేనిచోటు చూడ్డానికి."

"జీతం కాదు, లైనుకింత" అన్నాను.
పెద్దగా నవ్వాడు.
టీ చెప్తానంటే బస్సుందని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు పదకొండు యాభై.
తెర మీద అదే ఎనభై మూడో నిమిషం.
అక్కడా ఒకడు ఊరికే పరిగెట్టే ఉంటాడు,
జెండా పక్కన కూలబడే ఉంటాడు.
నాకు తెలీదు. రాసినవాడికీ తెలీదు.
కల్పించి కలిపేద్దామా అని
వేలు మీట మీద ఆగింది కూడా.
ముమ్మిడివరంలో ఎవడడుగుతాడు?
కానీ అది రెండోసారి వెళ్ళకపోవడమే.

నూట ఎనభైని నలభై చేశాను.
శాతాలు కొట్టేశాను. కోచ్ జీతం కొట్టేశాను.
మిగిలిన చోట్లో, కొబ్బరి ధరకి ఆనించి,
వారం ఆలస్యంగా, "సవరణ" అని పెట్టి:
యానాం ఫైనల్లో గోలుకి దారి చేసింది ఓలేటి సూరిబాబు.
బంతిని తాకలేదు.
చూసినవారు పెమ్మాడి నూకరాజు.
ఈ విలేకరి చూడలేదు.

ఇన్‌చార్జి ఫోను:
"బంతి తాకనివాడి పేరెందుకయ్యా పేజీలో?"
పేజీ వెళ్ళిపోయిందండి, అన్నాను.
అప్పటికింకా వెళ్ళలేదు.
అన్నాక పంపాను.